మనసు ఏ ఇంటి దగ్గర ఆగిందో

మా పల్లెలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. మామూలు ఆదివారాల కంటే ఆ రోజు చర్చిలో జనం ఎక్కువ, గోల తక్కువ. బల్ల మీద తెల్లగుడ్డ, దాని అంచుకు పాస్టరమ్మ గారు అల్లిన లేసు, గుడ్డ కింద రొట్టె పళ్ళెం, వరుసగా చిన్న చిన్న గాజు కప్పులు. ద్రాక్షరసం మా వైపు కొట్లలో దొరికేది కాదు. శనివారం పొద్దున ఎండు ద్రాక్ష వేడినీళ్ళలో నానబోసి, సాయంత్రానికి చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడకట్టేవారు. పిప్పి పిల్లల వాటా. నా భక్తి ఆ పిప్పి దగ్గరే మొదలైందని మా చెల్లెలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

పెద్దవాళ్ళ శనివారం వేరు. మా నాయనమ్మ ఆదివారానికి కట్టుకునే తెల్లచీర ఉతికి, నీలం పెట్టి ఆరేసి, రాత్రి వంట ముగించి, పెరట్లో నులక మంచం మీద కూర్చునేది. అప్పుడు ఆమెను కదిలించకూడదు. ప్రార్థన చేసుకుంటుందనుకునేవాణ్ణి. కానీ కళ్ళు తెరిచే ఉండేవి, పెదాలు కదిలేవి కావు. బొటనవేలు మాత్రం మిగతా వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా జరుగుతుండేది. ఒకసారి ఉండబట్టలేక ఏం లెక్కపెడుతున్నావని అడిగాను.

"ఇళ్ళు" అంది.

ఎగువ వీధి మొదట్లో ఉన్న ఇంటి నుంచి బావి దాకా, బావి నుంచి చర్చి దాకా ఒక్కో ఇంటి ముందు మనసులోనే ఆగి, ఆ ఇంట్లో వాళ్ళ మొహాలు తలుచుకుంటుందట. చాలా ఇళ్ళు హాయిగా దాటిపోతుంది. ఎక్కడో ఒకచోట కాలు సాగదు. "మొహం గుర్తుకు రాంగానే లోపల చురుక్కుమందనుకో, అక్కడ ఏదో ఉన్నట్టేరా. నేనన్నా ఏదో అనుంటాను, వాళ్ళన్నా నన్ను ఏదో అనుంటారు. నేను మర్చిపోయాననుకుంటా గానీ నా మనసు మర్చిపోలేదన్నమాట."

ఆ ఇల్లు దొరికాక చేసే పని సింపుల్‌గా ఉండేది. లాంతరు పట్టుకుని లేచేది. చీకట్లో ఒక్కతే పోకూడదని నన్ను వెంట తీసుకెళ్ళేది. అలా నేను చాలా ఇళ్ళ అరుగుల మీద కూర్చుని, లోపల ముసలమ్మలు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం విన్నాను. కోడి పోయిన గొడవ, బావి దగ్గర వంతు గొడవ, పెళ్ళి సంబంధం చెడగొట్టారన్న అనుమానం. కొన్ని ఇళ్ళలో ఏడుపు, కొన్ని ఇళ్ళలో తమలపాకులు.

వరస తప్పకుండా పల్లె దాటి ఊళ్ళోకి కూడా పోయేది ఆమె లెక్క. మేం మాదిగలం. నాయనమ్మ ఊళ్ళో రైతుల పొలాల్లో కలుపుకీ కోతలకీ వెళ్ళేది. ఒకసారి ఆమె మనసు ఆగిన ఇల్లు కామందుది. కూలి జొన్నలు కొలిచేటప్పుడు కుంచం తక్కువ వేశాడాయన. అక్కడికీ వెళ్ళి క్షమాపణ అడుగుతుందేమోనని నాకు భయం వేసింది. "నేనెందుకు అడుగుతాను? తప్పు ఆయనది" అంది. "కోపం దేవుడి చేతిలో పెట్టి దాటతా. లేకపోతే రేపు రొట్టె గొంతు దిగదు." సోమవారం పొద్దున్నే వెళ్ళి తక్కువైన జొన్నలు అడిగి, కొలిపించుకుని తెచ్చుకుంది. ఆత్మపరీక్ష అంటే తలొంచుకోవడమే అనుకునేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు కొంగులో మూటగట్టి తెచ్చిన ఆ జొన్నలు గుర్తొస్తాయి.

చదువు పెద్దగా లేని మనిషికి ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందా అని పెద్దయ్యాక ఆలోచించాను. ఆమెకు ముందే మా వాళ్ళకు పరీక్షించుకోవడం అలవాటై ఉంది. నాయనమ్మ వాళ్ళ తాత వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఒకడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి అక్కడ బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్ళలో దిగారు. ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘాల్లో ఏ వార్షికోత్సవానికి వెళ్ళినా ఈ అంకె వినపడకుండా ఉండదు. మైకులో ఆ నాలుగు రెళ్ళూ ఒక్కొక్కటీ సాగదీసి చెప్తారు.

నాకు మాత్రం ఆ అంకె కంటే దానికి ముందు జరిగింది ఎక్కువ ఇష్టం. 1876 నుంచి 78 దాకా దాతు కరువు. ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పని, కూలి ఇచ్చారు. పలుగూ పారా పట్టిన జనానికి సాయంత్రాలు మా బోధకులు సువార్త చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలాలి కదా అని ఏడాదికి పైగా ఆపేశారు. సాయం పంచడం అయిపోయాక, ఇక ఆయన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. అప్పుడు ఇచ్చారు. మిషనరీలకు అంకెల మీద మోజు ఉండేదంటారు. అంత జనం అడుగుతుంటే ఏడాది పైగా ఆగడం అంకెల మోజు ఉన్నవాడికి అయ్యే పని కాదు.

అప్పట్లో కొత్తగా వచ్చినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలిగ్గా ఉన్నాయి గానీ, రైతు దగ్గర కట్టుబడి ఉన్న మాదిగకు ఒక్కో నియమం ఒక్కో దెబ్బ. ఆదివారం రానంటే రైతు ఊరుకుంటాడా? ఊరి జాతరలో డప్పు కొట్టనంటే ఊరుకుంటారా? గొడ్డు మాంసం వద్దంటే ఇంట్లో ఆ పూట తిండి పోయినట్టే. ఆ తరంవాళ్ళు గట్టిగా ఉన్నారో జారారో ఊరంతటికీ తెలిసేది. వాళ్ళ ఆత్మీయ ఆరోగ్యం వీపు మీద కనపడేది, అక్షరాలా.

మా కాలానికి ఆ దెబ్బలు చాలావరకు పోయాయి. నియమాలు మిగిలాయి, ఇంకొన్ని చేరాయి. తాగుడు, రెండో పెళ్ళి, సినిమా. ఇలాంటివి చేసినవాళ్ళను కొన్నాళ్ళు బల్లకు దూరంగా పెట్టేవారు. మా వీధిలో ఒకాయన కల్లు మానలేక ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పళ్ళెం ఆయన దాకా పోయేది కాదు. పిల్లలం వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూసేవాళ్ళం, పాపం చేస్తే మొహం ఎలా ఉంటుందో అని. నాయనమ్మ ఓసారి నా తల పట్టుకుని ముందుకు తిప్పి, ఇంటికెళ్ళాక అంది, "వాడు తాగుతాడని ఊరందరికీ తెలుసు, వాడికీ తెలుసు. నాలుకతో కోసేవాళ్ళం మేం ముందు వరసలో కూర్చుంటాం. మాది మాకే తెలియదు."

ఈ మాట ఊరికే అనలేదు. ఆమె నాలుక మామూలుది కాదు.

నాయనమ్మకూ, ఆమె తోడికోడలైన మా చిన్న నాయనమ్మకూ మధ్య ఒక ఇత్తడి గంగాళం ఉండేది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు అది చిన్నవాళ్ళ వాటాకు పోయింది. పెళ్ళిళ్ళకు నీళ్ళు కాచే పెద్ద గంగాళం, రెండు పక్కలా కడియాలు. అది పోయిన బాధ నాయనమ్మ దిగమింగింది గానీ, ఒక పెళ్ళిలో అందరి ముందూ ఆ గంగాళం పక్కనే నిలబడి తోడికోడల్ని ఒక మాట అంది. ఆ మాట ఇక్కడ రాయను. పిల్లలు లేని ఆడమనిషిని అనకూడని మాట.

ఆ నెల శనివారం లాంతరు వెలిగించడానికి నాయనమ్మ చాలాసేపు ఆలస్యం చేసింది. ఒత్తి కత్తిరించింది, చిమ్నీ తుడిచింది, మళ్ళీ తుడిచింది. చివరికి వెళ్ళాం. చిన్న నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి లోపలికి రమ్మనలేదు. నాయనమ్మ చెప్పాల్సింది చెప్పింది, మనసు బాగోలేదనీ, అనకూడని మాట అన్నాననీ, మన్నించమనీ. అవతలామె అంతా విని, "రేపు బల్ల ఉంది కదక్కా, అందుకని వచ్చావు" అంది. "నెలకోసారి అందరి దగ్గరికీ వెళ్తావుగా. ఈసారి నా వంతొచ్చింది."

తలుపు వేయలేదు. అలాగే నిలబడింది. మేమే తిరిగొచ్చాం. దారిలో నాయనమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని, "నిజమే అంది" అని మాత్రం అంది.

మర్నాడు చర్చిలో ఆడవాళ్ళ వరసలో రొట్టె పళ్ళెం నాయనమ్మ చేతికొచ్చింది. ఆమె కొంగు తల మీదికి ఇంకాస్త లాక్కుని, తీసుకోకుండా పక్కామెకు అందించేసింది. కప్పులు వచ్చినప్పుడూ అంతే. ఆ వరసంతా చూసింది. మగవాళ్ళ వైపు కూర్చున్న మా నాన్నకు కూడా తెలిసిపోయింది.

సాయంత్రం పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. సన్నగా, ఎప్పుడూ సైకిల్ క్లిప్పు పంట్లాముకే ఉండే మనిషి. మజ్జిగ తాగి, చాలాసేపు వానల గురించి మాట్లాడి, అప్పుడు అసలు సంగతి ఎత్తారు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను అని పౌలు రాశాడమ్మా. ఆ తర్వాత ఏం రాశాడు? ఆలాగు చేసి తినమన్నాడు. పరీక్షించుకుని మానేయమని రాయలేదు. యోగ్యత ఉన్నవాళ్ళ కోసమే అయితే ఆ బల్ల పరిచే అవసరమే లేదు, నేను కూడా దాని దగ్గర నిలబడలేను."

నాయనమ్మ అంతా విని, "సరే అయ్యగారూ, వచ్చే నెల తీసుకుంటా. కానీ అది చెప్పినదానిక్కూడా జవాబు చెప్పాలిగా" అంది.

ఆ జవాబు ఏమిటంటే, శనివారాలు వెళ్ళడం మానేసింది. లెక్క మానలేదు, వెళ్ళే రోజు మార్చింది. మంగళవారం, గురువారం, కోతల నుంచి వచ్చే దారిలో, చెంబు పట్టుకుని పెరట్లోకి పోయేటప్పుడు, ఎప్పుడు ఏ ఇల్లు గుర్తొస్తే అప్పుడు. "ఇప్పుడు బల్ల కోసం వచ్చానని ఎవరన్నా అంటారేమో చూస్తా" అనేది, కొంచెం పంతంగా. చిన్న నాయనమ్మ ఇంటికి ఆ ఏడంతా వెళ్తూనే ఉంది. ఎక్కువసార్లు గుమ్మం దాకానే. మొదటిసారి లోపలికి పిలిచినప్పుడు క్షమాపణల మాటే రాలేదట, పచ్చి మిరపకాయలు అప్పు అడిగిందట ఆమె. ఆ తర్వాత వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదని కాదు.

నాకు బాప్తిస్మం ఇచ్చే ముందు డీకన్లు, అంటే సంఘ పెద్దలు, పరీక్ష పెట్టారు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, రక్షణ అంటే ఏమిటి. అన్నీ బట్టీ పట్టి వెళ్ళాను, గడగడా చెప్పేశాను. చివర్లో ఒక పెద్దాయన, అంతదాకా కునుకు తీస్తున్నాడేమో అనుకున్నాను, కళ్ళు తెరిచి, "నువ్వు మారావని మీ ఇంట్లో ఎవరు చెప్తారు?" అన్నాడు. ఏ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. ఆయన మా చెల్లెల్ని పిలిపించాడు. అది అటూ ఇటూ చూసి, "కొట్టడం తగ్గించాడు" అంది. అందరూ నవ్వారు. దాంతో పాసయ్యాను.

గుంటూరులో కాలేజీ హాస్టల్‌కు వచ్చాక ఈ వ్యవహారమంతా కొత్త రూపంలో ఎదురైంది. ఈ.యూ. అనే క్రైస్తవ విద్యార్థుల గుంపులో శనివారం సాయంత్రాలు కూడుకునేవాళ్ళం. సీనియర్ అన్నలు కనపడగానే మొదటి ప్రశ్న, "ఎలా ఉంది తమ్ముడూ నీ ఆత్మీయ జీవితం?" మొదటి జవాబు, "దేవుని కృపను బట్టి బాగుందన్నా." తెలుగు క్రైస్తవుల్లో ఈ ప్రశ్న వేయించుకోనివాడూ ఈ జవాబు చెప్పనివాడూ ఉంటాడని నేననుకోను. నోట్‌బుక్కులో గళ్ళు గీసుకుని ఎన్ని అధ్యాయాలు చదివాం, ఎంతసేపు ప్రార్థించాం, ఎవరికి సువార్త చెప్పాం అని రోజూ నింపేవాళ్ళం. నిండిన పేజీ చూస్తే చాలా తృప్తిగా ఉండేది, కామర్స్ స్టూడెంట్‌ని కదా.

ఒక అన్న సైక్లోస్టైల్ కాగితం ఒకటి పంచాడు. 1729 తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ వెస్లీ, ఆయన స్నేహితులు తమను తాము రోజూ అడుక్కునేవారని చెప్పే 22 ప్రశ్నలు. మొదటి ప్రశ్నే గట్టిది. నేను ఉన్నదానికంటే మంచివాడినన్న అభిప్రాయం, తెలిసిగానీ తెలియకగానీ, ఎదుటివాళ్ళకు కలిగిస్తున్నానా? దాని కిందున్న 21 ప్రశ్నల దాకా చాలామందిమి పోలేదు. ఆ కాగితాన్ని పరీక్ష అట్ట మీద అందరికీ కనపడేలా అంటించుకున్నవాడు కూడా మాలో ఉన్నాడు. మొదటి ప్రశ్న చదివాక కూడా!

నా రూమ్మేట్‌కు ఆ కాగితం వల్ల ఇంకో రకం ఇబ్బంది మొదలైంది. వాడిది మెత్తటి మనసు. ప్రతి ప్రశ్నకూ తనను తాను దోషిగా తేల్చుకునేవాడు. రాత్రిళ్ళు లేచి కూర్చునేవాడు. ఊళ్ళో ఎక్కడ ఉజ్జీవ కూడికలు జరిగినా వెళ్ళి, తీర్మానం చేసుకునేవాళ్ళు చెయ్యెత్తమనగానే ఎత్తేవాడు. "వీడు మళ్ళీ రక్షణ పొందాడ్రోయ్" అని మెస్సులో నవ్వుకునేవాళ్ళు. వాడి టెన్షన్ చూసి ఆ కాగితం పంచిన అన్నే ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని, 29 ఏళ్ళకే చనిపోయిన రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే స్కాట్లాండ్ పాస్టరు మాట చెప్పాడు. నీ వైపు ఒక్కసారి చూసుకుంటే క్రీస్తు వైపు పదిసార్లు చూడు అని. వాడు బుద్ధిగా తలూపి, ఆ పదిసార్లకూ నోట్‌బుక్కులో ఒక గడి గీసుకున్నాడు.

నేను మా నాయనమ్మ ఇళ్ళ లెక్క చెప్పాను. ఊరికే, మాటల సందర్భంలో. వాడు కాసేపు ఊరుకుని, "నాది ఒక్క ఇంటి దగ్గరే ఆగుద్దిరా, మా ఇంటి దగ్గరే" అన్నాడు. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పి, పాసయ్యానని నాన్నకు చెప్పి, సప్లిమెంటరీ ఫీజు మేనమామ దగ్గర రహస్యంగా తీసుకున్నాడట. వారం తిరక్కుండా బాపట్ల బస్సెక్కాడు. వెళ్ళి చెప్పాడో, చెప్తే వాళ్ళ నాన్న ఏమన్నాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత కూడా కూడికలకు వెళ్ళేవాడు గానీ, చెయ్యెత్తడం నేను చూడలేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉంటున్నాను. నా ఫోన్లో బైబిల్ యాప్ ఉంది. వరసగా ఎన్ని రోజులు చదివానో చెప్తుంది, ఒకరోజు మానేస్తే గుర్తు చేస్తుంది. దాన్ని తీసిపారేయను. చదవడం మంచిదే, గుర్తు చేసేవాళ్ళుండటం ఇంకా మంచిది. మా సంఘంలో జనవరిలో 'ఆత్మీయ హెల్త్ చెకప్' అని ఒక వారం పెడతారు. పాస్టరు గారు చిన్నవాడు, బాగా చెప్తాడు. బీపీ, షుగర్ చూపించుకున్నట్టే ఇదీ చూపించుకోవాలంటాడు. ఒక ఫారం ఇస్తారు, టిక్కులు పెట్టాలి. ప్రార్థన, వాక్యం, సహవాసం, కానుక, సేవ. పోయిన జనవరిలో నాకు మంచి మార్కులే వచ్చాయి. మా ఆవిడ నా ఫారం తీసుకుని చదివి, ఏమీ అనకుండా మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆ ఫారంలో ఇంట్లోవాళ్ళు నింపాల్సిన గడి ఒకటి ఉంటే బాగుండునని పాస్టరు గారికి చెప్పాను. నవ్వి, సంఘం సగమవుతుందన్నాడు.

అపార్ట్‌మెంట్‌లో ఇళ్ళ లెక్క తేలిగ్గా అయిపోతుంది. చాలామంది మొహాలే తెలియవు, ఇక చురుక్కుమనడానికి ఏముంది. కాబట్టి నేను ఆఫీసులో పనిచేసినవాళ్ళనూ, ఒంగోలులోనూ గుంటూరులోనూ ఉన్నవాళ్ళనూ, డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడినీ కలుపుకుని పోతాను. నడక కూడా శనివారం కాదు, ఎప్పుడు నిద్ర పట్టకపోతే అప్పుడే. కొన్నేళ్ళుగా అది మా తమ్ముడి గుమ్మం దగ్గర ఆగుతోంది. నాన్న పోయాక ఊళ్ళో ఉన్న కాస్త చేను సర్వే విషయంలో మాట పట్టింపు వచ్చింది. ఎవరిది తప్పని చెప్పడానికి ఇది రాయడం లేదు. చెప్పబోతే వాడు కూడా రాస్తాడు.

పోయిన బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. వాడు ఎత్తుతాడనుకోలేదు, ఎత్తాడు. ఒంగోలులో వాన లేదన్నాడు. జామాయిల్ కర్ర రేటు పడిపోయిందన్నాడు. మరదలికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయట, ఆపరేషన్ అంటున్నారట, హైదరాబాదులో మంచి డాక్టరు ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. రిపోర్టులు వాట్సాప్‌లో పంపమన్నాను. చేను సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఫోన్లో తేలేది కాదు. ఈ నెలాఖరుకు ఒంగోలుకు టికెట్ తీశాను, కాగితాలన్నీ జిరాక్స్ తీయించి పెట్టాను, రెండు సెట్లు.